ఇత్తిహాద్ రోడ్డులో చైనా ఆటోమేటిక్: షార్జా నుంచి ఒక కారు డైరీ

ఆగస్టు 2024

కంపెనీ బస్సు మానేసి సొంత బండి తీసుకోవాలని ఈ నెల ఖాయం చేసుకున్నా. ఇంటావిడ, పాప అక్టోబరులో ఫ్యామిలీ వీసా మీద వస్తున్నారు. ఉండేది షార్జా అల్ నహ్దా, డ్యూటీ దుబాయ్‌లో జబల్ అలీ వైపు. పొద్దున పోయేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు ఇత్తిహాద్ రోడ్డో 311 రోడ్డో తప్పదు. ఆ రెండు రోడ్ల సంగతి ఇక్కడున్న మనోళ్లకు చెప్పేదేముంది. గంటసేపు బ్రేకు మీద కాలు పెట్టి పాకుకుంటూ పోవడమే. పైగా నా లైసెన్సు ఆటోమేటిక్‌కే ఇచ్చారు కాబట్టి క్లచ్ బండి మాటే లేదు.

చేతిలో ఉన్నది 30,000 దిర్హాములు. ఇన్సూరెన్సు, పేరు మార్పిడి, మొదటి సర్వీసు అన్నీ ఇందులోనే తేలాలి. ఈ డబ్బుకు జపాన్ సెడాన్లు చూస్తే 2014, 2015 మోడళ్లు, మీటరు 2 లక్షలు దాటినవి దొరుకుతున్నాయి. అదే డబ్బుకు చైనా బండి అయితే నాలుగేళ్లది, లక్ష లోపు తిరిగింది వస్తుంది. రూంలో ఉండే అన్నది అమలాపురం. కబురు వినగానే మొదలుపెట్టాడు.

"చైనా బండా తమ్ముడూ? రేపు అమ్మబోతే ఎవడు కొంటాడు?"

"ఇప్పుడు నేను కొంటలేనా అన్నా? ఆ నష్టమేదో మొదటి ఓనరు ఖాతాలో పడిపోయింది."

నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. ఆయన చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. కొత్తది కొని మూడేళ్లకు అమ్మేవాడికి ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది. సెకండ్‌హ్యాండ్ కొని ఆరేడేళ్లు నడుపుకునేవాడికి అదే లాభం. నా భయం రీసేల్ గురించి కాదు, గేర్‌బాక్స్ గురించి. ఇంజిన్‌లో ఏదైనా పోతే ఈ ఊళ్లో పదిమంది విప్పుతారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోతే బండి విలువలో సగం బిల్లు వస్తుంది.

ఆగస్టు చివర: గేర్‌బాక్స్ చదువు

నేను ఏసీ టెక్నీషియన్‌ని. మా పనిలో యూనిట్ బయట ఏ స్టిక్కరుందో ఎవరూ పట్టించుకోరు, లోపల కంప్రెసర్ మీద ప్లేటు చదువుతారు. కార్లకూ అదే అలవాటు పెట్టుకున్నా. "చైనా కారు మంచిదా కాదా" అని పదిమందిని అడిగితే పది జవాబులు. ఎందుకంటే ఒక్కొక్కరు నడిపిన దాంట్లో ఒక్కో రకం గేర్‌బాక్స్ ఉంది. ఇక్కడ దొరికే చైనా బండ్లలో ప్రధానంగా మూడు రకాలున్నాయి.

ఒకటి పాత పద్ధతి టార్క్ కన్వర్టర్. ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య శక్తిని ఆయిలే మోస్తుంది, కాబట్టి ట్రాఫిక్‌లో పాకేటప్పుడు అరిగిపోయే ప్లేటు ఆ చోట లేదు. ఆయిల్ వేడెక్కుతుంది, అంతే. చైనా కంపెనీలు చాలాకాలం వీటిని జపాన్ గేర్‌బాక్స్ కంపెనీ ఐసిన్ దగ్గర కొన్నాయి. చాంగన్ సీఎస్35 ప్లస్ 1.6 లీటర్ల దాంట్లో, జీఏసీ జీఎస్3లో వచ్చిన ఆరు గేర్ల బాక్సులు ఆ కుటుంబానివే. గిరాకీ ఎంత పెరిగిందంటే, ఆరు గేర్ల బాక్సులు చైనాలోనే తయారు చేయడానికి జీలీతో, జీఏసీతో కలిసి ఉమ్మడి కంపెనీలు పెడుతున్నట్టు 2018లో ఐసిన్ ప్రకటించింది.

రెండోది సీవీటీ. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు. ఒక్కో పుల్లీ రెండు సగాలూ దగ్గరికీ దూరానికీ జరుగుతుంటే నిష్పత్తి మారుతుంది, గేర్లంటూ ఏమీ ఉండవు. ఇది కొత్తదేమీ కాదు. నెదర్లాండ్స్‌లో వాన్ డోర్నే అనే ఆయన 1958లోనే డాఫ్ కార్లో రబ్బరు బెల్టుతో ఇలాంటిది తెచ్చాడు. తర్వాత ఉక్కు బెల్టులు చేసిన బాష్ ఫ్యాక్టరీ కూడా ఆ దేశంలోనే, టిల్బర్గ్‌లో. జీలీ పాత ఎమ్‌గ్రాండ్ బండ్లలో బెల్జియం కంపెనీ పంచ్ పవర్‌ట్రెయిన్ సీవీటీ వచ్చింది. చెరీ సొంతంగా చేసుకుంటుంది. ఎంజీ 1.5 లీటర్ల మోడళ్లు కొన్నింట్లోనూ సీవీటీయే. మెల్లగా నడిపేవాళ్లకు సుఖమైన బండి. ఇసుకలోకి దింపడం, బరువు లాగించడం, కాలు నేలకు ఆనేదాకా ఎక్సలరేటర్ తొక్కడం దీనికి పడవు. ఆయిల్ విషయంలో పట్టింపు ఎక్కువ. బెల్టుకీ పుల్లీకీ మధ్య పట్టు నిలిపేది ఆ ఆయిల్ గుణమే కాబట్టి మామూలు గేర్ ఆయిల్ పోస్తే బెల్టు జారి పుల్లీ మీద గీతలు పడతాయి.

మూడోది డీసీటీ, జంట క్లచ్‌ది. అసలు ఇది కంప్యూటర్ నడిపే మాన్యువల్ గేర్‌బాక్సే. ఒక క్లచ్ బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. హైవే మీద దీని వేగం, మైలేజీ మిగతావాటికి రావు. ఇందులో మళ్లీ డ్రై, వెట్ అని రెండు. డ్రై అంటే క్లచ్ ప్లేట్లు గాలిలో ఉంటాయి, వెట్ అంటే ఆయిల్‌లో మునిగి చల్లబడతాయి. పాకుడు ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం వదిలి నడుస్తుంది. ఆ వేడి డ్రైలో బయటికి పోయే దారి తక్కువ. జీలీ కూల్‌రేలో, చాంగన్ యూని-టీలో ఉన్నవి ఏడు గేర్ల వెట్ రకాలు. కూల్‌రే ఇంజిన్‌ను వోల్వోతో కలిసి చేశారు. 2010లో వోల్వోను జీలీ కొన్న తర్వాత వచ్చిన ఫలితాల్లో అదొకటి.

రోజూ ఖాళీ రోడ్డు మీద అబుదాబీ పోయివచ్చేవాడినైతే వెట్ డీసీటీకి ఓటేసేవాణ్ని. నా రోడ్డుకు టార్క్ కన్వర్టరే. మైలేజీ లీటరుకు ఒకటిన్నర కిలోమీటరు తక్కువొస్తే రానీ.

ఒక చిక్కేంటంటే, ఒకే మోడల్ పేరు మీద సంవత్సరాన్ని బట్టి, ఇంజిన్‌ను బట్టి గేర్‌బాక్స్ మారిపోతుంది. సీఎస్35 ప్లస్‌నే తీసుకోండి. 1.6 లీటర్లలో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్, 1.4 టర్బోలో ఏడు గేర్ల డీసీటీ. ప్రకటనలో రెంటికీ "ఆటోమేటిక్" అనే రాస్తారు. అమ్మేవాడికి కూడా తెలియదు. చాసిస్ నంబరు అడిగి పార్ట్స్ కౌంటర్లో చూపిస్తే నిమిషంలో తేలిపోతుంది.

సెప్టెంబరు 2024: బండ్ల వేట

ఈ ఏడాది సెకండ్‌హ్యాండ్ కొనేవాడికి అదనపు గండం ఒకటుంది, ఏప్రిల్ 16 వాన. అల్ ఐన్ వైపు ఖతమ్ అల్ షక్లాలో ఒక్కరోజు లోపల 254.8 మిల్లీమీటర్లు పడింది, 1949 నుంచి ఉన్న రికార్డుల్లో అదే ఎక్కువ. షార్జాలో మా వీధుల్లోనే రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మునిగిన బండ్లు ఏమయ్యాయి? కొన్ని తుక్కుకు పోయాయి, కొన్ని కడిగి ఆరబెట్టి అమ్మకానికి పెట్టారు. గేర్‌బాక్స్ పైన గాలి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది. నీళ్లు అంత ఎత్తుకు వస్తే అందులోంచి లోపలికి దిగుతాయి. ఆటోమేటిక్ బాక్సులో క్లచ్ ప్లేట్ల మీద ఉండే పూత జిగురుతో అతికించింది, నీళ్లు తగిలితే ఊడుతుంది. వెంటనే కాదు, కొన్ని నెలలకు.

అందుకే ముందు నీటి పరీక్ష, తర్వాతే మిగతావి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడాలి, బురద గీత అక్కడే మిగులుతుంది. డిక్కీలో స్టెప్నీ గుంట, సీటు కింద బోల్టుల తుప్పు, కార్పెట్ కింద వైరు కనెక్టర్లు చూడాలి. గేర్‌బాక్స్ ఆయిల్ బొట్టు తెల్ల టిష్యూ మీద వేయాలి. తెల్లగా మసకబారి గులాబీ రంగుకు తిరిగి ఉంటే నీళ్లు కలిసినట్టే. అక్కడితో దండం పెట్టి వచ్చేయాలి.

చూసిన వాటిలో వద్దనుకున్నవి: ఒక డీసీటీ బండి, పార్కింగ్ ర్యాంపు మీద ఎక్కిస్తుంటే ఒళ్లంతా వణికింది. ఓనరు "ఏసీ వల్ల" అన్నాడు. ఏసీ సంగతి నాకు చెప్తున్నాడు! ఇంకోటి నేరుగా చైనా నుంచి దిగుమతి అయింది, ఇక్కడి ఏజెన్సీ ద్వారా వచ్చింది కాదు. స్క్రీన్ మొత్తం చైనీస్, కూలింగ్ జీసీసీ స్పెక్ (గల్ఫ్ వేడికి తగ్గట్టు చేసింది) కాదు, వారంటీ లేదు. ధర చూసి నోరూరింది కానీ సెన్సరు పోతే ఎవరి దగ్గరికి పోవాలి? మరొకటి, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే ఒక్క ఎర్రర్ కూడా లేదు, కానీ రెడీనెస్ టెస్టుల్లో (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) సగం "పూర్తి కాలేదు" అని వచ్చింది. అంటే నేను వచ్చేముందే కోడ్లు తుడిచారన్నమాట.

అమ్మేవాళ్లకు నేను ముందే చెప్పే షరతు ఒకటే. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. ఆటోమేటిక్ రోగాలు సగం చల్లటి మీదే బయటపడతాయి, సగం బాగా వేడెక్కాక. రెండూ చూడాలంటే గంట నడపాలి. బ్రేకు తొక్కి పీ (పార్కింగ్) నుంచి ఆర్ (రివర్సు), ఎన్ (న్యూట్రల్), డీ (డ్రైవ్) ఒక్కోదాంట్లో రెండు సెకన్లు ఆగి వేస్తా. గేరు పడడానికి ఆలస్యమైనా, ధడేల్‌మన్నా అనుమానమే. తర్వాత మెల్లగా ఒకటి నుంచి రెండుకు, ఆగేటప్పుడు రెండు నుంచి ఒకటికి. షార్జాలో కొండలెక్కడివి, అందుకని మాల్ పార్కింగ్ ర్యాంపులే నా ఘాట్ రోడ్డు. సగం ఎత్తులో ఆపి, మళ్లీ కదిలించి, రివర్సులో దించి చూడాలి.

చివరికి తేలింది 2020 సీఎస్35 ప్లస్, 1.6 లీటర్లు, ఆరు గేర్లు, మీటరు 78 వేలు. ఓనరు ఈజిప్టు ఇంజనీరు, దేశం వదిలి పోతున్నాడు. 60 వేల కిలోమీటర్ల దాకా ఏజెన్సీ బిల్లులు, ఆ తర్వాత బయటి గ్యారేజీ బిల్లులు, అన్నీ ఫైల్లో వరసగా పెట్టాడు. ఒక్క కాగితం మీదా గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినట్టు లేదు. అది చూపించే ధర తగ్గించుకున్నా. 26,500కు ఖాయం.

కాగితాల పని చెప్పుకోదగ్గంత లేదు. ఫైన్లు ఆయన కట్టేశాడు, తస్జీల్‌లో (బండి తనిఖీ కేంద్రం) పాసింగ్ అయింది, ఇన్సూరెన్సు 13 నెలలది, ముల్కియా (రిజిస్ట్రేషన్ కార్డు) నా పేరు మీద చేతికొచ్చింది. కారు నలుపు రంగుది. ఎండకు మంచిది కాదని తెలుసు, కానీ గేర్‌బాక్స్ చూసి కొన్నవాడికి రంగు ఎంచుకునే హక్కు ఉండదు.

నవంబరు 2024: ఆయిల్ పని

ఎండ తగ్గింది, ఇప్పుడు మొదలుపెట్టొచ్చు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు పోయిన నెలే అయ్యాయి. బ్యాటరీ మూడేళ్లది ఉంటే మార్చేశా. ఇక్కడి వేడికి బ్యాటరీ రెండు మూడు ఎండాకాలాలే, ఓల్టేజీ పడిపోతే గేర్‌బాక్స్ కంప్యూటర్ కూడా లేనిపోని కోడ్లు చూపిస్తుంది.

ఇండస్ట్రియల్ ఏరియాలో నాకు తెలిసిన గ్యారేజీ ఒకటుంది. అక్కడి మెకానిక్ ఉస్తాద్‌ది పెషావర్. ఆటోమేటిక్ బాక్సులు విప్పి కట్టడంలో పాతికేళ్ల అనుభవం. గేర్‌బాక్స్ ఆయిల్ మారుద్దామంటే తల అడ్డంగా ఊపాడు.

"నడుస్తున్నదాన్ని కదపకు. పాత బాక్సులో కొత్త ఆయిల్ పోస్తే జారడం మొదలవుతుంది. కంపెనీ కూడా లైఫ్‌టైమ్ అనే చెప్తుంది."

"ఎవరి లైఫ్‌టైమ్ ఉస్తాద్, బండిదా, వారంటీదా?"

ఆ మాటకు నవ్వి టీ తెప్పించాడు. ఆయన మాటలో సగం నిజం ఉంది. అప్పటికే క్లచ్ ప్లేట్లు అరిగి జారుతున్న బాక్సులో ఆయిల్ మారిస్తే బాగుపడదు. వారానికే చచ్చి ఊరుకుంటుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. కానీ మంచిగా గేర్లు మారుతున్న 80 వేల కిలోమీటర్ల బాక్సు సంగతి వేరు. ఆయిల్ అన్నాక వేడికి ముదురుతుంది. మా రిఫ్రిజిరేషన్ పనిలో కంప్రెసర్ ఆయిల్‌కు చెప్పుకునే మోటు లెక్క ఇక్కడా వర్తిస్తుంది. పని ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ ఆయుష్షు సగానికి పడుతుంది. చల్లటి దేశంలో హైవే మీద నడిచే బండికి రాసిన గడువు ఇత్తిహాద్ రోడ్డుకు పనికిరాదు. ఏ కంపెనీ మాన్యువల్లో అయినా "కఠిన పరిస్థితులు" అని ఓ చిన్న పట్టిక ఉంటుంది. దుమ్ము, అధిక వేడి, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్. ఇక్కడ మనం మూడూ అనుభవిస్తున్నాం.

తర్వాత ఏ ఆయిల్ అన్నది. ఐసిన్ బాక్సులకు డబ్బాల మీద జేడబ్ల్యూఎస్ 3309, జేడబ్ల్యూఎస్ 3324 అనే నంబర్లు ఎక్కువ కనపడతాయి. మొదటిది టయోటా టీ-4 వర్గం, కొంచెం చిక్కన. రెండోది డబ్ల్యూఎస్ వర్గం, పల్చన. రెండూ ఎర్రగానే ఉంటాయి, రెండింటినీ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అనే అంటారు. ఒకటి బదులు ఇంకోటి పోస్తే సోలినాయిడ్లు, వాల్వులు లెక్కకట్టే ప్రెషర్ తప్పుతుంది. నా బండికి ఏదో ఇక్కడ రాయను, చూసి మీరు మీ బండిలో పోసేస్తారు. మీ చాసిస్ నంబరుతో మీరే అడగండి. "ఆల్ ఇన్ వన్" డబ్బాలు వద్దు. డీసీటీకి, సీవీటీకి అయితే అసలే వద్దు.

మెషీన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేద్దామా, కింద బోల్టు విప్పి వచ్చినంత వదిలి అంతే పోద్దామా అని కాసేపు చర్చ. నేను రెండోదే అన్నా. ఎన్నడూ మార్చని బాక్సులో ప్రెషర్‌తో తోస్తే మూలల్లో పేరుకున్న మడ్డి అంతా ఒక్కసారి కదిలి సన్నటి వాల్వు దారుల్లో చిక్కుకోవచ్చు. వదిలి నింపే పద్ధతిలో ఒక విడతకు సగం లోపే మారుతుంది కాబట్టి మూడు విడతలు పెట్టుకోవాలి. మొత్తం ఏడు లీటర్లు, వచ్చేది మూడు అనుకుంటే మొదటి విడత తర్వాత పాత ఆయిల్ 57 శాతం, రెండో విడతకు 33, మూడోదానికి 19 మిగులుతుంది. విడతకూ విడతకూ మధ్య కొన్ని వేల కిలోమీటర్లు నడిపితే కొత్త ఆయిల్ తన పని తాను చేసుకుంటుంది.

బండి లిఫ్టు మీద నాలుగు పక్కలా సమంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూశాం. వచ్చిన ఆయిల్‌ను గీతలున్న డబ్బాలో పట్టాం, 2.9 లీటర్లు. రంగు ముదురు గోధుమ, మాడు వాసన లేదు. టిష్యూ మీద రుద్దితే సన్నటి బూడిద రంగు పొడి ఉంది కానీ మెరిసే రేకులు లేవు. అంటే మామూలు అరుగుదలే. ఉస్తాద్ కూడా వేళ్ల మధ్య రుద్ది చూసి "బచ్ గయా" అన్నాడు.

ఈ బాక్సుకు డిప్‌స్టిక్ లేదు. కింద బోల్టు లోపల నిలువు గొట్టం ఒకటుంటుంది, లెవెల్ చూసేది దానితోనే. మూడు లీటర్లకు కొంచెం ఎక్కువే పోసి, ఇంజిన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి గేర్లన్నీ ఒకసారి తిప్పి, స్కానర్లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ కూర్చోవాలి. మాన్యువల్ చెప్పిన డిగ్రీల మధ్యకు రాగానే బోల్టు విప్పితే ఎక్కువైనది ధారగా కారుతుంది. ధార చుక్కలుగా మారినప్పుడు బిగించేయాలి. ఆ డిగ్రీలు బాక్సు బాక్సుకూ వేరు. చాలా గ్యారేజీలు తప్పేది ఇక్కడే. బాగా వేడి మీద లెవెల్ చూస్తే ఆయిల్ వ్యాకోచించి ఉంటుంది కాబట్టి అవసరమైనది కూడా కారిపోతుంది, చల్లారాక బాక్సులో తక్కువ మిగులుతుంది. బోల్టు వాషర్ కొత్తది వేయాలి. పది దిర్హాములు కూడా ఉండదు.

తేడా? ఆగేటప్పుడు రెండు నుంచి ఒకటికి పడేటప్పుడున్న చిన్న తట్టు తగ్గింది. అంతకు మించి ఏమీ లేదు. ఆయిల్ మార్చగానే బండి రెక్కలు కట్టుకుని ఎగిరిందని చెప్పేవాళ్లను నేను నమ్మను. అడాప్టేషన్ రీసెట్ చేద్దామా అని ఉస్తాద్ అడిగాడు. గేర్లు సాఫుగా మారుతున్నప్పుడు కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని చెరపడం దేనికి? వద్దన్నా.

ఫిబ్రవరి 2025

రెండో విడత అయింది. ఈసారి వచ్చిన ఆయిల్ ఎరుపుకు దగ్గరగా ఉంది. జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో సాలిక్ (దుబాయ్ రోడ్డు టోల్) ఒక్కో గేటుకు 6 దిర్హాములు చేశారు. అందుకని సాయంత్రాలు 611 రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వస్తున్నా. దూరం ఎక్కువ కానీ బండి కదులుతూ ఉంటుంది, గేర్‌బాక్స్‌కూ మంచిదే.

కరీంనగర్ నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్. ఎంజీ ఆస్టర్ తీసుకుందామనుకుంటున్నాడు. "అన్నా, చైనాది ఆటోమేటిక్ మంచిగుంటదా?" మళ్లీ అదే ప్రశ్న. ఆస్టర్‌లో 1.5 పెట్రోలుకు సీవీటీ, 1.3 టర్బోకు ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ వచ్చాయి. హెక్టర్ 2019లో డీసీటీతో మొదలై 2021లో సీవీటీ కూడా తెచ్చుకుంది. "ముందు ఏ సంవత్సరంది, ఏ ఇంజిన్‌దో చెప్పురా, అప్పుడు మాట్లాడుదాం" అన్నా. ఊళ్లో తిరగడానికి, అప్పుడప్పుడు హైదరాబాద్ పోయి రావడానికైతే సీవీటీ చాలు. మొక్కజొన్న బస్తాలు డిక్కీలో వేసుకుని పొలం గట్ల మీద పోతానంటే వద్దు. వాడు రెండోదే చేస్తాడని నాకు తెలుసు.

జూన్–జులై 2025: అసలు పరీక్ష

డైరీలో ఎక్కువ పేజీలు ఈ రెండు నెలలవే. బయట 46, 47. స్కానర్ పెట్టి గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత రాసుకుంటున్నా. 611 మీద వందలో సాఫీగా పోతుంటే 90 దగ్గర నిలబడుతుంది. ఇత్తిహాద్ రోడ్డు పాకుడులో 104 దాకా ఎక్కింది. ప్రమాదం కాదు కానీ నాకు నచ్చలేదు.

ఇక్కడ నా వృత్తి అక్కరకొచ్చింది. బండి ముందు భాగంలో వరస చూడండి. ముందు ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్, దాని వెనక ఫ్యాన్. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచేది ఇంజిన్ కూలెంటే. అంటే లోపల మనం చల్లగా కూర్చోవడానికి ఏసీ బయటికి తోసిన వేడి గాలి రేడియేటర్‌కు తగులుతుంది, రేడియేటర్ చల్లబరచలేని కూలెంట్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరచలేదు. కండెన్సర్ రెక్కల్లో ఇసుక, పురుగులు, ప్లాస్టిక్ కవర్ ముక్కలు ఇరుక్కుంటే మొత్తం గొలుసు దెబ్బతింటుంది. షమాల్ గాలి (ఇసుక మోసుకొచ్చే గాలి) తర్వాత ఏ బండి ముందు జాలీ అయినా చూడండి, తెలుస్తుంది. "గేర్‌బాక్స్ వేడెక్కుతోంది" అని వచ్చే బండ్లలో గేర్‌బాక్స్ తప్పేమీ లేనివి చాలా ఉంటాయని ఉస్తాద్ కూడా ఒప్పుకున్నాడు.

ముందు బంపర్ దించి, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులోంచి నీళ్లు పెట్టి కడిగా. ధార లోపలి నుంచి బయటికి పోవాలి. బయటి నుంచి కొడితే మట్టి మధ్యలో ఇరుక్కుంటుంది. ప్రెషర్ గన్ వాడొద్దు, రెక్కలు మడతపడతాయి. మా వాళ్లు స్ప్లిట్ ఏసీలకు వాడే కాయిల్ క్లీనర్‌లో ఆమ్లం ఉన్నది కారుకు పనికిరాదు, అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు నీళ్లు, ఓపిక చాలు. రెండు సందుల మధ్య నుంచి వచ్చిన మట్టి చూసి ఇంటావిడ "ఇంట్లో ఏసీ ఫిల్టర్ కూడా గిట్లనే ఉంది, అది ఎప్పుడు కడుగుతవు?" అంది. కూలెంట్ కూడా మార్చా. ఇక్కడ మామూలు నీళ్లు పోసే గ్యారేజీలున్నాయి, వాళ్ల దగ్గరికి పోవద్దు. కూలెంట్ అంటే గడ్డకట్టకుండా ఉండటానికే అనుకుంటారు. మరిగే స్థానాన్ని పెంచేదీ, లోపల తుప్పు ఆపేదీ అదే.

అదే రోడ్డు, అదే వేళ, అంతే ఎండ. 97, 98 మధ్య నిలిచింది. కొత్త పార్టు ఒక్కటీ కొనకుండా ఆరు డిగ్రీలు.

నడిపే పద్ధతిలో మార్చుకున్నవి పెద్దగా లేవు. సిగ్నల్ దగ్గర ఊరికే ఎన్‌లోకి, డీలోకి తిప్పడం లేదు. డీలోనే ఉంచి బ్రేకు తొక్కుతా. బండి పూర్తిగా ఆగాకే ఆర్ వేస్తా. పార్కింగ్‌లో ముందు హ్యాండ్ బ్రేక్, తర్వాత పీ. లేకపోతే బండి బరువంతా లోపల చిన్న ఇనుప కొక్కెం మీద పడుతుంది. డీసీటీ ఉన్న స్నేహితులకు మాత్రం ఒకటి చెప్తున్నా. ముందు బండి రెండడుగులు కదలగానే మీరూ కదలకండి. నాలుగైదు మీటర్లు ఖాళీ కానిచ్చి ఒక్కసారి కదలండి, ఎత్తు మీద ఎక్సలరేటర్‌తో ఆపకండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

ఆగస్టులో శుక్రవారం సాయంత్రం కుర్రాళ్లు అల్ బదాయర్ ఇసుక దిబ్బలకు పోదామన్నారు, నా బండిలో. ముందు చక్రాల బండి, మామూలు టైర్లు. చక్రం ఇసుకలో తిరుగుతూ బండి కదలకపోతే ఆ శక్తంతా కన్వర్టర్ ఆయిల్లో వేడిగా మారుతుంది. తారు రోడ్డు దాకా వస్తానన్నా, అక్కడే కూర్చుని చాయ్ తాగా. ఒకరి బండి దిగబడితే తాడు కట్టి రోడ్డు మీద ఇంటిదాకా లాగుదామన్నారు. ఇంజిన్ ఆగిన ఆటోమేటిక్‌ను నడిపే చక్రాలు నేల మీద ఉంచి లాగితే లోపల ఆయిల్ పంపు తిరగదు, తిరిగే భాగాలకు ఆయిల్ అందదు. రికవరీ ట్రక్కు పిలిపించా. డబ్బులు వాళ్ల దగ్గరే ఇప్పించా.

సెప్టెంబరు 2025: పార్టుల సంగతి

"చైనా బండికి పార్టులు దొరకవు" అనేది ఈ ఊళ్లో ఎక్కువ అమ్ముడయ్యే మోడళ్ల విషయంలో నిజం కాదు. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, స్టెబిలైజర్ లింకులు, ఇంజిన్ మౌంట్లు ఇండస్ట్రియల్ ఏరియాలోనూ, దుబాయ్ దేరాలోనూ దొరుకుతున్నాయి. పాతవి కావాలంటే షార్జాలోనే సజ్జా ఏరియా ఉంది. అరుదైన మోడల్ అయితే హెడ్‌లైట్ కోసం నెలన్నర ఆగాల్సి వస్తుంది, అది నిజమే. కొనేముందు చేయాల్సింది చిన్న పని. ఆ మోడల్ ముందు బంపర్, గేర్‌బాక్స్ మౌంటు, హెడ్‌లైట్ ధరలు మూడు షాపుల్లో అడగండి. ముగ్గురూ "ఆర్డర్ పెట్టాలి" అంటే ఆ బండి వదిలేయండి.

నా బండికి ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, కుడివైపు గేర్‌బాక్స్ మౌంటు మార్చా. రబ్బరు వయసు, ఎండ. మౌంటు అరిగితే డీలో బ్రేకు మీద ఉన్నప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. దాన్ని గేర్‌బాక్స్ రోగమనుకుని బాక్సు విప్పించినవాళ్లను చూశా. ముందు చవకైనవి చూడాలి. మౌంటు, బ్యాటరీ, ప్లగ్గులు, త్రాటిల్ బాడీ మురికి.

మీటరు ఇప్పుడు 1,01,000 దాటింది. మూడో విడత ఆయిల్ ఈ నెలాఖరున. ముల్కియా గడువు వచ్చే నెల. టైర్ల మీద నాలుగంకెల తేదీ చూస్తే వెనకవి రెండూ ఐదేళ్లకు దగ్గర పడ్డాయి, పాసింగ్‌లో ఆపేస్తారు కాబట్టి ముందే మార్చాలి. అమలాపురం అన్న వచ్చే వారం నాతో అల్ అవీర్ (దుబాయ్ సెకండ్‌హ్యాండ్ కార్ల మార్కెట్) వస్తున్నాడు. తనకూ ఒకటి కావాలట. ఏ గేర్‌బాక్స్ అని అడిగితే "నీదేదో అదే" అన్నాడు. స్కానర్ చార్జింగ్ పెట్టా.